ఊపిరి ఎందుకు ఆలస్యమైంది?

మత్తుమందు ఇచ్చే ముందు డాక్టరు బీపీ ఎంత, షుగరు ఉందా, ఏ మందైనా పడదా అని అడిగితే ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ ఆ వరసలోనే ఇంకో ప్రశ్న వస్తుంది: "మీ ఇంట్లో గానీ, దగ్గరి చుట్టాల్లో గానీ ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక ఊపిరి రావడం ఆలస్యమైందా? గంటల తరబడి వెంటిలేటర్ మీద ఉంచారా?" అన్నకు ఎప్పుడో జరిగిన హెర్నియా ఆపరేషన్‌కీ, ఇప్పుడు తమ్ముడికి తీయబోయే అపెండిక్స్‌కీ సంబంధం ఏమిటని చాలామందికి అనుమానం.

సంబంధం ఉంది. అది మూడో క్రోమోజోము మీదున్న బీసీహెచ్ఈ అనే జన్యువులో ఉంది. ఆ జన్యువు చెప్పినట్టు కాలేయం ఒక ప్రొటీన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. దాని పూర్తి పేరు బ్యూటిరిల్‌కొలినెస్టరేజ్. నోరు తిరగని పేరు కాబట్టి ఇక్కడ దాన్ని 'రక్తపు ఎంజైము' అనుకుందాం. ఈ ప్రొటీన్ బొత్తిగా లేకుండా పుట్టినవాళ్లు కూడా మామూలుగానే పెరుగుతారు, చదువుకుంటారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్లవుతారు. అది తమకు లేదన్న సంగతి చాలామందికి జీవితాంతం తెలియదు. తెలిస్తే గిలిస్తే ఆపరేషన్ బల్ల మీద తెలుస్తుంది.

## నొక్కాలి, వదలాలి

చెయ్యి ఎత్తాలన్నా, ఊపిరి పీల్చాలన్నా మెదడు పంపే సంకేతం నరం వెంట వచ్చి కండ దగ్గర ఆగుతుంది. నరం కొసకీ కండకీ మధ్య కంటికి కనిపించని సందు ఉంటుంది. ఆ సందును దాటేది విద్యుత్తు కాదు, ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం. నరం కొస నుంచి విడుదలై అది కండ పొర మీదున్న గ్రాహకాలకు అతుక్కుంటుంది. గ్రాహకం అంటే ఫలానా రసాయనం తగలగానే తెరుచుకునే ప్రొటీన్. అవి తెరుచుకుంటే కండ ముడుచుకుంటుంది.

ఇళ్ల గుమ్మాల దగ్గర కాలింగ్ బెల్లుల్లో ఒక పాత రకం ఉంది. మీట నొక్కితే 'టింగ్', వదిలితే 'టాంగ్'. వేలు తీయకుండా అలాగే నొక్కి ఉంచితే మొదటి 'టింగ్' తర్వాత ఇక మోగదు. వెనకాల ఇంకొకరు వచ్చినా బెల్లు కొట్టలేరు. ముందు ఆ వేలు తియ్యాలి. కండ పరిస్థితీ అంతే. ఎసిటైల్‌కొలిన్ వచ్చి నొక్కాలి, వెంటనే తప్పుకోవాలి. అప్పుడే తర్వాతి సంకేతానికి కండ పలుకుతుంది.

దాన్ని తప్పించే పని ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే మరో ఎంజైముది. అది ఆ సందులోనే ఉంటుంది. శరీరంలో అతి వేగంగా పనిచేసే ఎంజైముల్లో అదొకటి. దాని ఒక్కో అణువు సెకనుకు కొన్ని వేల ఎసిటైల్‌కొలిన్ అణువుల్ని విడగొడుతుంది. దాని జన్యువు వేరు, ఏడో క్రోమోజోము మీద ఉంది. మన రక్తపు ఎంజైము దీనికి దగ్గరి బంధువు. రూపంలో పోలిక ఉంది, పనిలోనూ కొంత పోలిక ఉంది. కాకపోతే ఇది సందుకే పరిమితం కాదు. రక్తంలో తిరుగుతూ ఉంటుంది, పైగా ఎసిటైల్‌కొలిన్ ఒక్కదాన్నే కాక ఇంకా చాలా రసాయనాల్ని విడగొట్టగలదు.

ఇంగ్లండులో హెన్రీ డేల్ 1914లోనే ఒక ఊహ చేశాడు. ఎసిటైల్‌కొలిన్ ప్రభావం క్షణాల్లో మాయమైపోతోందంటే దాన్ని విడగొట్టే ఎంజైము ఏదో ఒంట్లో ఉండే ఉంటుందని. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆటో లోవీ కప్ప గుండెలతో ప్రయోగం చేసి, నరం తన సంకేతాన్ని రసాయనం ద్వారా అందిస్తుందని చూపించాడు. 1936 నోబెల్ బహుమతి వీళ్లిద్దరికీ కలిపి వచ్చింది. ఈ మధ్యలో, 1932లో, గుర్రం రక్తరసం నుంచి డేల్ ఊహించిన లాంటి ఎంజైమును వేరుచేశారు. అదే మన రక్తపు ఎంజైము.

## రెండింటిని కలిపిన మందు

ఇప్పుడు ఊపిరిని ఆలస్యం చేసే మందు సంగతి. సక్సినైల్‌కొలిన్‌ను 1906లోనే అమెరికాలో రీడ్ హంట్, రెనే టావో జంతువుల మీద పరీక్షించారు. అది రక్తపోటును ఏం చేస్తుందో చూడటం వాళ్ల ఉద్దేశం. కానీ ఆ జంతువులకు అంతకు ముందే క్యురారే ఇచ్చి ఉన్నారు. క్యురారే అంటే దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే, కండలను చచ్చుబరిచే విషం. అప్పటికే కదలలేని జంతువుకు ఇంకో మందు ఎక్కించాక అది కదలడం లేదని ఎవరు గమనిస్తారు? సక్సినైల్‌కొలిన్ అసలు గుణం అలా మరుగున పడిపోయింది. 1949లో డేనియల్ బోవే దాన్ని బయటపెట్టాడు. 1951 నుంచి ఐరోపాలో మనుషుల ఆపరేషన్లలో వాడటం మొదలైంది. బోవేకు 1957లో నోబెల్ వచ్చింది.

ఈ మందు నిర్మాణం చాలా సులువు. రెండు ఎసిటైల్‌కొలిన్ అణువుల్ని కొసాకొసా కలిపితే వచ్చేదే సక్సినైల్‌కొలిన్. అందుకే కండ మీది గ్రాహకాలు దాన్ని ఎసిటైల్‌కొలిన్ అనుకుని పట్టుకుంటాయి. సందులో ఉన్న ఎంజైము మాత్రం ఈ జంట అణువును విడగొట్టలేదు. ఇక మీట మీద వేలు అలాగే ఉండిపోతుంది. సిరలోకి ఎక్కించిన నిమిషంలోపే ఒళ్లంతా కండలు చిన్నగా అదురుతాయి. ఆ తర్వాత అన్నీ వదులైపోతాయి. ఊపిరి కండలు కూడా.

మత్తు డాక్టరుకు కావాల్సింది ఈ వదులే. దవడ, గొంతు బిగిసి ఉంటే శ్వాసనాళంలోకి గొట్టం దింపడం కష్టం. నిండు కడుపుతో వచ్చిన ప్రమాద బాధితుడు, అత్యవసరంగా సిజేరియన్ చేయాల్సిన గర్భిణి లాంటివాళ్ల విషయంలో క్షణాలు లెక్కే. కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకముందే గొట్టం పడాలి. మానసిక వైద్యంలో షాక్ చికిత్స చేసేటప్పుడు కండలు కొట్టుకోకుండా ఇచ్చేది కూడా ఈ మందునే.

గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. సక్సినైల్‌కొలిన్ మత్తు ఇవ్వదు, నొప్పి తెలియకుండా చేయదు. కండల్ని మాత్రమే ఆపుతుంది. నిద్ర పుచ్చే మందు విడిగా ఇవ్వాలి.

దీని ప్రభావం మామూలు మనుషుల్లో అయిదు నుంచి పది నిమిషాలు. అంత త్వరగా దిగిపోవడానికి కారణం మన రక్తపు ఎంజైము. 60 కిలోల మనిషికి ఇచ్చే మోతాదు 60 నుంచి 90 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. సిర నుంచి కండ దాకా వచ్చే దారిలోనే ఎంజైము అందులో అధిక భాగాన్ని విడగొట్టేస్తుంది. కండను చేరేది సుమారు పదో వంతు. రక్తంలో మందు తగ్గిపోవడంతో సందులో ఉన్న కాస్తా మళ్లీ రక్తంలోకే జారుకుంటుంది. వేలు తీసినట్టే.

ఆ ఎంజైము లేని మనిషిలో మందు దాదాపు మొత్తం కండను చేరుతుంది. దాన్ని విడగొట్టేదీ లేదు. మూత్రపిండాలు మెల్లగా బయటికి పంపాలి, లేదా అది నీటిలో తనంతట తాను విడిపోవాలి. ఇరవై నిమిషాల్లో ఆపరేషన్ ముగుస్తుంది. ఊపిరి మాత్రం కొన్ని గంటల తర్వాత గానీ రాదు.

## టొరంటోలో తేలిన తేడా

మందు వాడుకలోకి వచ్చిన ఒకటి రెండేళ్లకే ఇలాంటి సంఘటనలు వైద్య పత్రికలకు ఎక్కాయి. ఎంజైము తక్కువగా ఉండటమే కారణమని మొదట అందరూ అనుకున్నారు. కాలేయం దెబ్బతిన్నప్పుడు, తిండి సరిగ్గా లేనప్పుడు, గర్భిణుల్లో ఇది తగ్గుతుంది కూడా. కానీ పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సంగతేమిటి?

జర్మనీలో పుట్టి కెనడాలోని టొరంటోలో పనిచేసిన వెర్నర్ కాలో ఇక్కడ కొత్త ప్రశ్న వేశాడు. ఎంజైము ఎంత ఉందన్నది కాదు, ఎలాంటిదన్నది చూడాలన్నాడు. డైబ్యుకైన్ అనే తిమ్మిరి మందు ఈ ఎంజైము పనిని అడ్డుకుంటుంది. రక్తరసంలో కొంచెం డైబ్యుకైన్ కలిపి చూస్తే మామూలు మనుషుల ఎంజైము పని సుమారు 80 శాతం ఆగిపోయింది. ఊపిరి ఆలస్యమైన రోగుల ఎంజైము సుమారు 20 శాతమే ఆగింది. వాళ్ల తల్లిదండ్రుల్లో, పిల్లల్లో చాలామందికి ఆ సంఖ్య మధ్యలో, 60 దగ్గర వచ్చింది. అంటే ఇది వంశపారంపర్యం. ఒక్కొక్కరిలో ఈ జన్యువు కాపీలు రెండు ఉంటాయి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. రెండూ మారినవైతే 20, ఒకటే మారినదైతే 60.

కాలో ఈ పరీక్షను 1957లో ప్రకటించాడు. ఒకే మందు ఒకే మోతాదులో ఇచ్చినా ఇద్దరిలో వేరుగా పనిచేయడానికి జన్యువులు కారణం కావచ్చని తేల్చిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. 1962లో ఆయన ఈ విషయం మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఇవాళ ఫార్మకోజెనెటిక్స్ అని పిలిచే మందుల జన్యుశాస్త్రానికి అదే మొదటి గ్రంథం.

## ఒక్క అక్షరం మారితే

జన్యువులో ఉన్న సమాచారం నాలుగు రసాయన అక్షరాల్లో ఉంటుంది. మూడేసి అక్షరాలు కలిసి ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి. బీసీహెచ్ఈ జన్యువు ప్రకారం 602 అమైనో ఆమ్లాల గొలుసు తయారవుతుంది. ప్రొటీన్‌ను కణం బయటికి పంపడానికి ఉపయోగపడే మొదటి 28 తెగిపోగా మిగిలేవి 574. ఈ 574 ఏ వరసలో ఉన్నాయో 1987లో ఒక్సానా లాక్‌రిడ్జ్ బృందం తేల్చింది. ఆ గొలుసు ఎలా మడతపడి ఉంటుందో 2003లో తెలిసింది. ప్రొటీన్ మధ్యలో లోతైన ఇరుకు సందు ఉంది. దాని లోతు మిల్లీమీటరులో సుమారు 5 లక్షలో వంతు. విడగొట్టే పని జరిగేది ఆ అడుగున.

సందు ముఖద్వారం దగ్గర 70వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది. దానికి రుణావేశం. సక్సినైల్‌కొలిన్‌కు రెండు కొసలా ధనావేశమే. కాబట్టి అది ముఖద్వారం దగ్గర ఆకర్షణకు లోనై లోపలికి జారుతుంది. కాలో చూసిన రకంలో ఈ 70వ స్థానంలో ఏ ఆవేశమూ లేని గ్లైసిన్ ఉంది. జన్యువులో ఒక్క అక్షరం మారడంతో వచ్చిన తేడా ఇది. రక్తంలో ఎంజైము ఉంటుంది, వేరే పదార్థాల్ని విడగొడుతుంది. సక్సినైల్‌కొలిన్‌ను మాత్రం పట్టుకోలేదు. ఐరోపా మూలాల ప్రజల్లో సుమారు 3000 మందిలో ఒకరికి రెండు కాపీలూ ఇలాంటివే.

రెండో రకం ఇంతకన్నా తీవ్రం. దాన్ని 'మూగ' రూపం అంటారు. ఇందులో ఎంజైము పని దాదాపు సున్నా. డైబ్యుకైన్ పరీక్షకు అవకాశమే లేదు, అడ్డుకోవడానికి అసలు ఎంజైము ఉంటే కదా! ఐరోపా, అమెరికా ప్రజల్లో ఇది లక్షకు ఒకరిలో మాత్రమే కనిపిస్తుంది.

తెలుగువాళ్ల ప్రస్తావన వచ్చేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ మూగ రూపం అసాధారణంగా ఎక్కువని 1979లోనే 'హ్యూమన్ జెనెటిక్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తర్వాత కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఊరి వైశ్యుల్ని పరీక్షించారు. 24 మందిలో ఒకరికి రక్తంలో ఈ ఎంజైము పని దాదాపు లేదు. లక్షకు ఒకరు ఎక్కడ, 24 మందికి ఒకరు ఎక్కడ! లాక్‌రిడ్జ్‌తో కలిసి వాళ్లు 2006లో కారణాన్ని ప్రకటించారు. 307వ స్థానంలో ఉండాల్సిన లూసిన్ బదులు ప్రోలిన్ వచ్చి చేరింది. జన్యువులో ఒక 'టి' అక్షరం 'సి'గా మారింది, అంతే. ప్రోలిన్ బిరుసైనది, గొలుసును అక్కడ వంచేస్తుంది. దాంతో ప్రొటీన్ నిలకడగా ఉండదు. రక్తంలోకి చేరేది నామమాత్రం.

## వంద తరాల కిందటి కొద్దిమంది

ఈ సంగతి వినగానే చాలామంది "మేనరికాల వల్లేగా" అనేస్తారు. మేనరికాల వల్ల ఒకే రకం కాపీలు రెండూ ఒకరిలోనే కలిసే అవకాశం పెరిగే మాట నిజమే. కానీ అసలు కథ ఇంకా పాతది.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి భారతీయ సమూహాల జన్యువుల్ని పరిశీలించి 2009లో 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్లు చూసిన సమూహాల్లో వైశ్యులు కూడా ఉన్నారు. వంద తరాలకు పైగా వెనక్కి వెళితే ఈ సమూహం కొద్దిమంది పూర్వీకులకు కుదించుకుపోయిందని ఆ లెక్కల్లో తేలింది. ఆ తర్వాత సంఖ్య లక్షలకు పెరిగింది, పెళ్లిళ్లు మాత్రం లోపలే జరుగుతూ వచ్చాయి. ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గర కాకతాళీయంగా ఉన్న అక్షర మార్పు అలా వేలమందికి చేరుతుంది. దీన్ని మూలపురుష ప్రభావం అనవచ్చు. బయటినుంచి కొత్త కాపీలు వచ్చి కలవకపోతే అది పలచబడదు.

ఇది ఒక్క కులానికే పరిమితమైన సంగతి కాదు. తంగరాజ్, రైక్ బృందాలే 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాల్ని పోల్చాయి. వాటిలో 81 సమూహాల్లో ఈ మూలపురుష ప్రభావం ఫిన్లాండ్ ప్రజల్లో కన్నా, అష్కెనాజీ యూదుల్లో కన్నా బలంగా కనిపించింది. ఆ 81లో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటుతుంది. పరిశోధకులు ఇక్కడ ఒక మెలకువ పాటించారు. ఒక మనిషి అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలా అన్నది కాకుండా, ఒకే సమూహంలో వేర్వేరు మనుషుల మధ్య ఎంత జన్యుభాగం ఉమ్మడిగా ఉందో కొలిచారు. అందువల్ల నిన్నమొన్నటి మేనరికాల ప్రభావం ఇందులో కలవలేదు. సొంత సమూహంలో అసలు చుట్టరికమే లేని సంబంధం చేసుకున్నా ఈ అవకాశం పూర్తిగా పోదని దీని అర్థం.

అలాగని వైశ్యులందరికీ ఈ లోపం ఉందనీ కాదు, వేరేవాళ్లకు ఉండదనీ కాదు. 24 మందిలో ఒకరికి ఎంజైము లేకపోతే మిగతా 23 మందికి ఉన్నట్టే. 70వ స్థానం మారిన రకం ఏ సమూహంలోనైనా కనిపించవచ్చు. డాక్టరు అడగాల్సింది కులం పేరు కన్నా కుటుంబ చరిత్ర. తేల్చాల్సింది రక్తపరీక్ష.

## ఇంతకీ ఇది శరీరానికి దేనికి?

లేకపోయినా మనిషి మామూలుగా బతికేస్తుంటే ప్రకృతి దీన్ని ఎందుకు పెట్టినట్టు? దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఎలుకలు కొంత చెబుతాయి. ఎసిటైల్‌కొలినెస్టరేజ్ జన్యువును తొలగించిన ఎలుకలు పుట్టగానే చచ్చిపోతాయని అనుకున్నారు. అవి బలహీనంగానైనా బతికాయి. రక్తపు ఎంజైము ఆ పనిని కొంత అందుకుంది. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోను పనిచేయాలంటే దానికి ఒక కొవ్వు ఆమ్లం అతుక్కుని ఉండాలి. ఈ ఎంజైము ఆ ఆమ్లాన్ని ఊడదీసి హార్మోను జోరు తగ్గిస్తుంది. ఈ జన్యువు లేని ఎలుకలు కొవ్వు ఎక్కువున్న మేత తిన్నప్పుడు మామూలు ఎలుకల కన్నా లావెక్కాయి. ఎంజైము బాగా ఎక్కువయ్యేలా చేసిన మగ ఎలుకలేమో ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం తగ్గించాయి.

పత్తి, మిరప పండే జిల్లాల ఆసుపత్రులకు ఈ ఎంజైము మరో రకంగా పరిచయం. క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు శరీరంలో చేరితే నరాల సందుల్లో ఉన్న ఎసిటైల్‌కొలినెస్టరేజ్‌కు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తాయి. చొంగ, కన్నీరు కారతాయి. కంటిపాపలు చిన్నవవుతాయి. గుండె నెమ్మదిస్తుంది. చివరికి ఊపిరి కండలు చచ్చుబడతాయి. రక్తపు ఎంజైముకు కూడా ఈ విషం అతుక్కుంటుంది. అలా తను పనికిరాకుండా పోతూ విషంలో కొంత భాగాన్ని నరాల దాకా వెళ్లకుండా ఆపుతుంది. పురుగుమందు తాగిన మనిషిని తీసుకొచ్చినప్పుడు డాక్టర్లు చేయించే కొలినెస్టరేజ్ పరీక్ష చాలాచోట్ల కొలిచేది దీన్నే. సంఖ్య పడిపోయిందంటే విషం లోపలికి చేరిందని గుర్తు.

మూగ రూపం ఉన్న మనిషికి ఏ విషమూ తగలకపోయినా ఆ సంఖ్య దాదాపు సున్నా చూపిస్తుంది. వాంతులతో, మగతతో వచ్చిన అలాంటి మనిషి పురుగుమందు తాగాడని పొరపడే వీలుంది. ఎర్ర రక్తకణాల మీదుండే ఎసిటైల్‌కొలినెస్టరేజ్‌ను విడిగా కొలిస్తే ఈ అనుమానం తీరుతుంది. ఆ జన్యువు వేరు కాబట్టి అది వీళ్లలో మామూలుగానే ఉంటుంది.

## ఆపరేషన్‌కు ముందు

ఎంజైము లేదని ముందే తెలిస్తే ఆపరేషన్‌కు అడ్డమేమీ లేదు. సక్సినైల్‌కొలిన్ బదులు రోక్యురోనియం వాడవచ్చు. దాన్ని వదిలించడానికి ఈ ఎంజైము అక్కర్లేదు. పైగా దాని ప్రభావాన్ని నిమిషాల్లో దించే సుగమ్మడెక్స్ అనే విరుగుడు కూడా ఉంది. 2008లో ఐరోపాలో దానికి అనుమతి వచ్చింది. నడుముకు ఇంజెక్షన్ ఇచ్చి చేసే ఆపరేషన్లలో సాధారణంగా వాడే బ్యుపివకైన్‌ను విడగొట్టేది కూడా ఈ ఎంజైము కాదు. కాబట్టి అక్కడా భయం లేదు. మివాక్యూరియం అనే ఇంకో కండరాల మందు మాత్రం సక్సినైల్‌కొలిన్ లాంటిదే. దాన్ని కూడా విడగొట్టాల్సింది ఈ రక్తపు ఎంజైమే.

తెలియక సక్సినైల్‌కొలిన్ ఇచ్చేసినా ప్రాణాపాయం రాకుండా చూడవచ్చు. చేయాల్సింది రెండే. వెంటిలేటర్ తీయకూడదు, నిద్రమందు ఆపకూడదు. ఆపరేషన్ అయిపోయిందని నిద్రమందు ఆపేస్తే రోగికి మెలకువ వస్తుంది. అన్నీ వినిపిస్తాయి, వేలు కూడా కదపలేడు. అందుకే చిన్న కరెంటు పరికరంతో మణికట్టు దగ్గర నరాన్ని తట్టి, బొటనవేలు ఎంత బలంగా కదులుతోందో చూస్తూ, కండలు పూర్తిగా తేరుకున్నాకే మేలుకొలుపుతారు. అది రెండు గంటలు కావచ్చు, ఇంకా ఎక్కువ కావచ్చు.

ఒకరికి ఇలా జరిగితే వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరికి అదే లోపం ఉండే అవకాశం కనీసం నాలుగింట ఒక వంతు. అమ్మానాన్నల్లో ఒకరికి రెండు కాపీలూ మారినవైతే ఇంకా ఎక్కువ. రక్తంలో కొలినెస్టరేజ్ ఎంత ఉందో చూసే పరీక్ష మామూలు ల్యాబుల్లో దొరుకుతుంది. ఇది రోగం కాదు కాబట్టి మందులు వాడాల్సిన పని లేదు, తిండిలో పథ్యం లేదు, పెళ్లి సంబంధాలకు ఆటంకమూ కాదు. ఫలితం తక్కువగా వచ్చిన ప్రతి ఒక్కరి ఆసుపత్రి ఫైలులో, పర్సులో పెట్టుకునే కార్డు మీద ఒక్క వాక్యం ఉండాలి: సక్సినైల్‌కొలిన్, మివాక్యూరియం ఇవ్వకూడదు.